మీ దొడ్డిలో సాకిన జీవాన్ని మంత్రగాడి గిన్నెకు ఇవ్వకండి: గొర్రెల పెంపకందారుల సంఘాలకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాథమిక గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గాలకు, సభ్యులైన గొల్ల, కురుమ సోదర సోదరీమణులకు నమస్కారాలు.

పశువైద్యశాలల్లో కింది స్థాయి ఉద్యోగిగా దేవరకొండ, చింతపల్లి, కల్వకుర్తి, అచ్చంపేట వైపు పల్లెల్లో మందల వెంట తిరిగి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ లేఖను పోలీసులకో కలెక్టరుకో రాయకుండా మీకు ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. గాలి వదిలిస్తాననో, చేతబడిని తిప్పికొడతాననో, చెలకలో గుప్తనిధి ఉందనో చెప్పి అర్ధరాత్రి పూజ పెట్టేవాడు మొదట అడిగేది డబ్బు కాదు, ఒక జీవం. ఆ జీవం మీ దొడ్డిలోనిదే అయి ఉంటుంది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి గాని, ఇంట్లో పుట్టి పెరిగిన నల్ల మేకపోతు నెత్తురు మీరు చెయ్యి చాచి ఇస్తే తప్ప అతనికి దొరకదు. అందువల్ల ఈ తంతును ఆపగలిగిన శక్తి మొదట మీ చేతిలోనే ఉంది. రాత్రి పూజలకు జీవాన్ని గాని, జీవం నెత్తురును గాని ఇవ్వబోమని మీ సంఘాలు తీర్మానం చేయాలన్నది నా విన్నపం.

నెత్తురు చూడటమే పాపమనే వాదన నాది కాదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరలో చౌడమ్మకు యాటలు కోసే ఆచారాన్ని గాని, శ్రీశైలం రోడ్డు మీద మైసిగండి మైసమ్మకు మొక్కు చెల్లించే తీరును గాని, బొడ్రాయి పండుగకు బైండ్లవారు జమిడిక వాయిస్తుండగా అన్నంలో నెత్తురు కలిపి పొలిమేర చుట్టూ పొలి చల్లే పద్ధతిని గాని మీకు నేను వివరించనక్కరలేదు. అక్కడా నెత్తురే పారుతుంది, పొలి చల్లేదీ చాలా ఊళ్లలో అర్ధరాత్రే. అయినా అది ఊరికంతటికీ తెలిసి జరుగుతుంది, చేసేవాడు ఎవరి కొడుకో ఏ ఇంటివాడో అందరికీ తెలుసు, తల ఎవరికి పోవాలో తొడ ఎవరికి పోవాలో ముందునుంచీ కట్టడి ఉంది, చివరికి మాంసమంతా ఊరివాళ్ల కడుపుల్లోకే పోతుంది. ఎవరి మీదా పగతో ఎవరికీ చెడు కోరుతూ చేసే పని కాదది. మన ఇళ్లలోనూ అంతే: యాటను కోసిన రోజు గిన్నెలో చిటికెడు ఉప్పు, కాసిన్ని నీళ్లు పోసి నెత్తురు పట్టి, గడ్డకట్టాక ముక్కలు చేసి ఉడికించి, ఉల్లిగడ్డ వేసి నల్ల వేయించుకోని ఇల్లు మన వైపు తక్కువ. నేనూ తిని పెరిగినవాణ్ణే.

చట్టం మాత్రం నా అంత ఉదారంగా లేదు. 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం గుడి ఆవరణలోను, దేవుడి పేరిట వీధుల్లో సాగే ఊరేగింపుల్లోను బలి ఇవ్వడాన్ని నేరమంటుంది. జాతరల్లో అది ఎంతవరకు అమలవుతోందో మీరు చూస్తూనే ఉన్నారు కాబట్టి ఆ చర్చలోకి నేను పోను. నా మాటంతా నలుగురి కంట పడకుండా, వాటాలు లేకుండా, ఒక ఇంటి భయాన్ని పెట్టుబడిగా పెట్టుకుని జరిగే పూజ గురించి మాత్రమే.

ఆ పూజలో అన్నిటికంటే ముందు గమనించవలసింది అతను పెట్టే షరతు. సంతలో కొన్నది పనికిరాదంటాడు. మీ ఇంట్లోనే ఈనిన తల్లికి పుట్టి, మీ చేతి మేత తిని పెరిగినదై ఉండాలంటాడు, ఒంటి మీద మచ్చ ఉండకూడదంటాడు. వినడానికి ఇది దేవత కోరిక లాగే ఉంటుంది గాని, నిదానంగా ఆలోచిస్తే అందులోని ప్రతి ముక్కా అతనికే అక్కరకు వస్తుంది. సంతలో కొనాలంటే జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టాలి, లెక్కపెట్టినవాడు ఇంత ఖర్చు అవసరమా అని ఒక్క క్షణమైనా ఆగుతాడు. దొడ్డిలోని జీవానికి ఆ లెక్క ఉండదు, పది పన్నెండు వేలు పలికే పొట్టేలైనా చేతి నుంచి పైసా కదలలేదనే అనిపిస్తుంది. సంతలో అయితే తెలిసినవాళ్లు ఎదురై ఎందుకు కొంటున్నావని అడుగుతారు, దొడ్డి నుంచి తీసుకుపోతే అడిగేవారు లేరు. ఇక మచ్చ సంగతి చెప్పనే అక్కరలేదు. పూజ ఫలించకపోతే తోక కిందనో గిట్టల సందునో ఒక తెల్ల వెంట్రుక వెదికి చూపించి, మీరు తెచ్చిన జీవంలోనే దోషముందని చెప్పడానికి అంతకంటే సులువైన దారి లేదు.

వీటన్నిటినీ మించినది ఇంకొకటి ఉంది. తల్లి చనిపోతే పాలసీసా పట్టి బతికించిన పిల్ల, ఇంటి పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే మేకపోతు, కోడళ్ల కాళ్ల వెంట తిరిగిన జీవం. అలాంటిదాన్ని అతని ముందు నిలబెట్టి మెడ వంచిన తరువాత, అది వృథాగా పోయిందని ఒప్పుకోవడానికి ఏ ఇంటివాడికీ మనసు రాదు. ఫలితం కనబడకపోతే ఇంకో జీవాన్ని ఇచ్చి మొదటిదాన్ని సార్థకం చేసుకోవాలని చూస్తాడే గాని, మోసపోయానని అనుకోడు. ఈ షరతు పెట్టినవాడు మంత్రాలు ఎన్ని చదివాడో తెలియదు గాని మనుషుల్ని మాత్రం బాగా చదివాడు. ఇంత చేసి, బలి మాంసం ఇంటివాళ్లు ముట్టకూడదని చెప్పి యాటను గోనెసంచిలో కట్టుకుపోతాడు. అది ఎక్కడికి పోతుందో అడిగే ధైర్యం ఆ రాత్రి ఎవరికీ ఉండదు.

ఇప్పుడు గిన్నె దగ్గరికి వద్దాం. ముప్ఫై కిలోల మేకపోతును కోస్తే సుమారు లీటరు నెత్తురు వస్తుంది, కదపకుండా ఉంచితే కొద్ది నిమిషాల్లో గడ్డకడుతుంది. నేను చూసిన ఒక పూజలో మంత్రగాడు మెడ నుంచి ధార పడుతుండగానే, ఏదో గొణుగుతూ, ఆకులు దూసిన వేపపుల్లల కట్టతో ఆ నెత్తురును ఆపకుండా తిప్పాడు. కాసేపటికి పుల్లలకు తెల్లగా, సాగుతున్న దారాల్లాంటివి చుట్టుకున్నాయి. వాటిని లాగి దీపం వెలుగులో చూపించి, ఇంటికి కట్టిన చేతబడి తాళ్లు ఇవేనన్నాడు. ఇంటి పెద్దావిడ అక్కడే కూలబడింది. గిన్నెలో మిగిలిన నెత్తురు తెల్లవార్లూ గడ్డకట్టకుండా నీళ్లలాగే ఉంటే, కట్టు విడిపోయిందనడానికి అదే సాక్ష్యమన్నాడు.

ఇందులో మహిమ ఏమీ లేదు. నెత్తురు గడ్డకట్టేటప్పుడు అందులో ఫైబ్రిన్ అనే పదార్థం సన్నటి దారాలుగా ఏర్పడి వలలా అల్లుకుంటుంది, ఆ వలలో ఎర్ర కణాలు చిక్కుకోవడమే గడ్డకట్టడమంటే. ఆ సమయంలో పుల్లతో తిప్పితే దారాలన్నీ పుల్లకే చుట్టుకుంటాయి, వల లేదు కాబట్టి మిగిలిన నెత్తురు ఇక గడ్డకట్టదు. రోగక్రిములను పెంచి పరీక్షించే ప్రయోగశాలల్లో గొర్రె నెత్తురు వాడతారు, అక్కడ గాజుపూసలున్న సీసాలో పోసి కుదిపి ఇదే పని చేస్తారు. వేపపుల్లకు బదులు తుమ్మపుల్ల పెట్టినా, మంత్రానికి బదులు ఎక్కాలు చదివినా ఆ దారాలు వస్తాయి. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం కత్తికి ముందే రుద్దిన మందార పూల రసం పని. పసుపునీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయని మన ఆడవాళ్లకు దిష్టి తీసే పళ్లెంలో ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఈ గారడీలన్నీ జనవిజ్ఞాన వేదికవారు బడుల్లో పిల్లల ముందు చేసి చూపిస్తూనే ఉన్నారు. వేపపుల్ల సంగతి మాత్రం పిల్లల ముందు చేసి చూపలేరు కాబట్టి దాని గుట్టు మన వైపు ఎక్కువమందికి తెలియలేదు.

కొందరు మంత్రగాళ్లు జీవాన్ని చంపబోమని, చెవి కొస కోసి పచ్చి నెత్తురు నాలుగు చుక్కలు తీసుకుంటే చాలని అంటారు. యాట మిగులుతుంది కదా అని ఇంటివాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ చెవి ఎలా ఉంటుందో నాకు తెలుసు. వానాకాలంలో తెగిన చెవి మీద ఈగలు గుడ్లు పెడతాయి, రెండు మూడు రోజుల్లో పురుగులు పడి గాయం లోపలికి తొలుచుకుపోతాయి, మేక తల విదిలిస్తూ మేత మానేస్తుంది. టర్పెంటైన్‌లో ముంచిన దూది పెట్టి, పైకి వచ్చిన పురుగులను పటకారుతో ఒక్కొక్కటిగా ఏరి, మందు పూసి, మళ్లీ మర్నాడు అదే పని చేయాలి. మీకు ఇంకొక నష్టం కూడా ఉంది. 2017లో మొదలైన సబ్సిడీ పథకం కింద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు పొందినవారిలో ఆ జీవాలకు చెవి పోగు వేయించి బీమా చేయించుకున్నవారు మీలో చాలామందే ఉన్నారు. ఆ పోగు చెవి కొసతో పాటు ఊడిపోతే, రేపు ఆ జీవం చచ్చినా బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 28వ సెక్షన్, ఏ మతాచారం ప్రకారమైనా జంతువును చంపడం ఆ చట్టం కింద నేరం కాదంటుంది. ఈ సెక్షన్‌ను నోటికి అప్పజెప్పే మంత్రగాళ్లను కూడా చూశాను. అయితే అది చంపడానికి ఇచ్చిన మినహాయింపే తప్ప, బతికున్న జీవం అవయవం కోయడానికి ఇచ్చింది కాదు, అది 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి పట్టుబడితే శిక్ష పది నుంచి యాభై రూపాయల జరిమానా. పూజకు తెచ్చిన కొబ్బరికాయల ఖరీదు అంతకంటే ఎక్కువ. అందుకే ఈ పని చట్టానికి వదిలేస్తే కాదని మీ దగ్గరికి వచ్చాను.

నన్ను ఎక్కువగా భయపెట్టే విషయం ఇంకా చెప్పలేదు. మందలో జీవాలు వరసగా చస్తున్నప్పుడే మంత్రగాడికి కబురు వెళుతుంది. అతను వచ్చి, ఈ చేతబడి ముందు తగిలిన జీవం నెత్తురుతోనే దిగుతుందని చెప్పి, కొన ఊపిరితో ఉన్నదాన్నో, అప్పుడే చచ్చినదాన్నో కోయించి, ఆ నెత్తురును దొడ్డి చుట్టూ, చెలక గట్ల వెంట చల్లిస్తాడు. ఎలాగూ బతకని జీవమే కదా అని ఇంటివాడూ సరేనంటాడు. అది ఆంత్రాక్స్ అయితే, అంటే మనం దొమ్మ రోగమనేదైతే, ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి ఉండదు. దొమ్మతో చచ్చిన జీవానికి ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది సరిగా గడ్డకట్టదు. ఇక్కడ మంత్రగాడికి వేపపుల్ల అవసరం కూడా ఉండదు. ఆ క్రిమి ఒంట్లో ఉన్నంతసేపు తేలికగానే చస్తుంది గాని, కోసి గాలి తగలనిస్తే గట్టి పొర కట్టుకుని బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల తరబడి బతుకుతుంది. దొడ్డి చుట్టూ ఆ నెత్తురు చల్లడమంటే రాబోయే ఏళ్లకు రోగాన్ని విత్తనంలా నాటుకోవడమే. కోసినవాడి చేతి మీద లేచే కురుపు నొప్పి లేకుండా నడిమధ్య నల్లటి పక్కు కడుతుంది, అది కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. అనుమానమున్న జీవాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, కుక్కలకు వేయకూడదు. పశువైద్యుడికి చెప్పి, ఆరడుగుల లోతు గోతిలో పూడ్చాలి. మందలో ఈసుకుపోయిన పిల్లను, అంటే నెలలు నిండకుండానే పడిపోయినదాన్ని, పూజకు అడిగే పద్ధతి కూడా ఉంది. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, ఉంటే ఆ మావినీ, ఆ నెత్తురునూ ఉత్త చేతులతో ముట్టినవారికి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి పట్టి పీడిస్తాయి. దాన్ని కూడా మళ్లీ చేతబడి లెక్కలోనే వేస్తారు.

గుప్తనిధుల మాటకొస్తే, రేచర్ల పద్మనాయకుల దేవరకొండ, రాచకొండ కోటలు మన నేల మీద ఉన్న పాపానికి ప్రతి పాత గోడ కిందా బంగారమే ఉందని నమ్మేవాళ్లకు కొదవ లేదు. అంజనం వేసి చూశామని, కాపలా ఉన్న శక్తి నెత్తురు అడుగుతోందని చెప్పి నల్లకోడితో మొదలుపెడతారు, తరువాత మేకపోతు, తరువాత పొట్టేలు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేప నిధుల చట్టమే చెబుతోంది కాబట్టి, నిజంగా బంగారం దొరికినా అది చాటుగా ఇంటికి తెచ్చుకునే సొమ్ము కాదు. ఈ నమ్మకం ఎంతదూరం పోగలదో 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ జిల్లాలో బయటపడింది. నిధుల ఆశ చూపి పలువురిని నమ్మించి చంపాడన్న ఆరోపణపై పోలీసులు ఒకణ్ణి అరెస్టు చేశారు. మీ కోడికీ ఆ హత్యలకూ నేరుగా సంబంధం ఉందని నేను అనను. అయితే నిధి పేరు చెప్పి మనిషిని రాత్రిపూట ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా రప్పించే అలవాటు ఆ కోడి దగ్గరే మొదలవుతుంది.

మూడు బాటల కూడలిలో తెల్లారి ముగ్గు, నెత్తురు మరకలు కనబడితే ఆ రోజు ఊరు ఎవరిని అనుమానిస్తుందో కూడా మీకు తెలుసు. రాత్రి పూజ చేయించినవాడు నోరు మూసుకుని జనంలోనే నిలబడి ఉంటాడు, మాట పడేది ఒంటరి ముసలమ్మ మీదో, ఊరి చివర ఉండేవాడి మీదో. మంత్రాల నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణలో కొత్త కాదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మనకు అలాంటిది లేదు, వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనీ లేదు.

మంత్రగాడి దగ్గరికి పోయేవాణ్ణి తెలివితక్కువవాడని నేను ఏనాడూ అనుకోలేదు. రాత్రికి రాత్రి ఏడెనిమిది గొర్రెలు కాళ్లు చాపితే, అప్పు తెచ్చి కట్టిన మంద కళ్ల ముందు పోతుంటే, పిలవగానే వచ్చి తెల్లవార్లూ పక్కన కూర్చునే మనిషి ఎవరైనా దేవుడిలాగే కనబడతాడు. డాక్టరు పది ఊళ్లకు ఒక్కడు, వచ్చినా సూది వేసి బండెక్కుతాడు. ఆ ఖాళీని పూడ్చవలసింది సంఘమే. వానలకు ముందు చిటుక రోగం టీకా, ఏటా దొమ్మ కనిపించే ఊళ్లలో దాని టీకా, పారుడు రోగం టీకా, నట్టల మందు ఏ దొడ్డికి అందాయో ఏ దొడ్డికి అందలేదో సంఘం దగ్గర రాసి ఉండాలి. రెండు జీవాలు ఒకే తీరున చచ్చిన రోజునే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసే బాధ్యత ఒక సభ్యుడికి అప్పగించాలి. ఆ రాత్రి సంఘం పెద్దలు ఇద్దరు వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటే మంత్రగాడికి కబురు పోవడం సగం ఆగుతుంది.

తీర్మానం పెద్దగా ఉండనక్కరలేదు. రాసుకోవడానికి వీలుగా నా మాటల్లో ఇస్తున్నాను, మార్చుకోవచ్చు: “మా సంఘ సభ్యులెవరూ చేతబడి, గాలి, గుప్తనిధుల పేరిట చేసే పూజలకు తమ జీవాలను గాని, వాటి నెత్తురును గాని, ఈసుకుపోయిన పిల్లలను గాని ఇవ్వరు, బతికున్న జీవం చెవి, ముక్కు, తోక కోయనివ్వరు, జబ్బుతో చచ్చిన జీవాన్ని పశువైద్యుడు చూడకుండా కోయరు. అడిగినవారి సంగతి సంఘానికి తెలియజేస్తారు.” దేవతల పండుగలను, ఇంటి మొక్కులను ఇందులోకి లాగవద్దని నా మనవి. లాగితే సభలో సగం మంది లేచిపోతారు, అసలు విషయం పక్కకు పోతుంది.

ఈ తీర్మానం వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడితే, పిలిచిన సంఘానికి వచ్చి మాట్లాడటానికి నేను సిద్ధంగా ఉన్నాను. భోజనాలకు ఎలాగూ యాటను కోస్తారు కాబట్టి ఒక స్టీలు గిన్నె, నాలుగు వేపపుల్లలు, నాలుగు తుమ్మపుల్లలు అట్టిపెట్టమని కోరుతున్నాను. తిప్పే పని మీ సంఘంలో మంత్రాలను గట్టిగా నమ్మే సభ్యుడితోనే చేయిద్దాం. దారాలు తీశాక మిగిలిన నెత్తురు గడ్డకట్టదు కాబట్టి నల్లకు పనికిరాదు, దానికోసం ముందే వేరే గిన్నెలో కొంత పట్టి పెట్టుకోండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు